పది కిలోల గ్రాము

కాటాల మేస్త్రి ముక్కుసూటి మనిషి. ఆయన పెంచుకున్న కుక్కకి మాత్రం ముక్కే లేదు. ముక్కు ఉండవలసిన చోట రెండు చుక్కలు, వాటి చుట్టూ నల్లటి ముడతలు, ఆ పైన ఇప్పుడో ఇంకాసేపటికో ఊడి చేతిలో పడతాయేమో అనిపించే గుడ్లకళ్లు. పరిగెత్తుకుంటూ వెళ్లి గోడకి గుద్దుకుని, ఆ మొహమే బాగుందని అలాగే ఉంచేసుకున్నట్టు ఉండేవాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ వాణ్ణి చూసి ముక్కున వేలేసుకునేవారు. వాడు మాత్రం ఆ వేళ్ల మధ్య బిస్కెట్టేమైనా ఉందేమోనని చూసేవాడు.

వాడి పేరు గ్రాము. రెండు నెలల పిల్లగా వచ్చినప్పుడు మేస్త్రి దుకాణంలోని చిన్న కాటా పళ్లెంలో సరిగ్గా పట్టాడని ఆ పేరు పెట్టారు. నాలుగేళ్లలో పేరు మారలేదు, పళ్లెమే మారింది. ఇప్పుడు గ్రామును తూచాలంటే బస్తాలు తూచే బల్లకాటా కావలసి వచ్చేది.

ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు గదిలో కాటాలు, వెనక గదుల్లో కాపురం. బజారులో ఎవరి కాటా తప్పు చూపినా ముప్పై ఏళ్లుగా విప్పి సరిచేసేది ఆయనే. పళ్లెం కింద అంటించిన అయస్కాంతమూ, పళ్లెం అంచున ఏదో పొరపాటున ఆగినట్టు ఆగే బొటనవేలూ ఆయన కళ్లు మూసుకుని పట్టేసేవాడు. గోడ మీద స్వయంగా రంగుతో రాసి పెట్టుకున్న బోర్డు ఒకటి ఉండేది: "తూచేటప్పుడు కాటాకి నీడ కూడా తగలరాదు." ఎవరైనా చదవకపోతే తనే చదివి వినిపించేవాడు.

ఇక గ్రాము గురక సంగతి. వాడు పడుకుంటే ఇల్లు లేచేది. "మా గ్రాము గురక పెడితే గ్రామం మేలుకోవాల్సిందే" అని మేస్త్రి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. గురక గట్టిగా ఉంటే కుక్క గట్టిగా ఉన్నట్టేనని ఆయన లెక్క.

ఆ లెక్క ఒక సాయంత్రం తప్పింది. వీధిలో నాలుగు అడుగులు తిరిగొచ్చిన గ్రాము ఇంటి ముందున్న మూడు మెట్లలో రెండోదాని మీద ఆగిపోయాడు. గుర్రు గుర్రుమని ఎగపీల్చాడు. నాలుక ఊదారంగుకి తిరిగింది. ముందుకాళ్లు మడత కుర్చీలా మడుచుకుపోయాయి. మేస్త్రి భార్య తడిగుడ్డ తెచ్చి పొట్టమీదా పాదాలమీదా అద్దుతూ ఉంటే, ఫ్యాను కింద పావుగంటకి గానీ వాడు మళ్లీ వాడు కాలేదు.

మర్నాడు కుక్కల డాక్టరమ్మ వాడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చిన్న టార్చి వేసి చూసింది.

"గురక పెడతాడా?"

"అబ్బో! వీధి చివరిదాకా వినిపిస్తుంది డాక్టరమ్మా" అన్నాడు మేస్త్రి మీసం సవరించుకుంటూ.

"అది గురక కాదండీ. గాలి కోసం వాడు పెట్టుకుంటున్న దరఖాస్తు. నాలుగేళ్లుగా పెడుతున్నాడు. మీరు సంగీతంలా వింటున్నారు."

మేస్త్రి చెయ్యి మీసం మీదనుంచి దిగింది.

"ఈ పగ్ జాతికి ముక్కు ఇరుకే. వీడికి మరీ ఇరుకు, అగ్గిపుల్ల కూడా దూరదు. రంధ్రాలు కొంచెం కోసి వెడల్పు చేస్తే హాయిగా పీలుస్తాడు. చిన్న ఆపరేషనే. కానీ మత్తివ్వాలి. ఈ బరువు మీద నేనివ్వను. గొంతు చుట్టూ అంతా కొవ్వే. మత్తులో ఊపిరి తడబడితే కష్టం." ఆమె కాటా చూపించింది. "పది కిలోల నాలుగు వందలు. తొమ్మిదిన్నరకి దించి తీసుకురండి. ఎండలు ముదరడానికి పదమూడు వారాలుంది."

"ఎండలు ముదిరితే?"

"నిన్న సాయంత్రం చల్లగానే ఉంది కదా మేస్త్రి గారూ" అని మాత్రం అని, ఆమె పెన్ను మూత పెట్టేసింది.

మేస్త్రికి అర్థమైంది. చల్లటి పూట మూడు మెట్లెక్కలేనివాడు ఎండాకాలం ఎక్కలేడు. అయినా ఆయన ఛాతీ మళ్లీ పైకి లేచింది. "బరువంటే నా శాఖ డాక్టరమ్మా. ముప్పై ఏళ్లుగా ఊరందరి బరువూ నేనే చూస్తున్నాను. మీరు కత్తి నూరి పెట్టుకోండి."

ఇంటికొచ్చి ఆయన హుకుం జారీ చేశాడు. మేస్త్రి భార్య బట్టలు కుట్టేది. మెడపట్టీ బిగిస్తే ఉన్న గాలి కూడా ఆగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి, ఆమె మెత్తటి దుప్పటి గుడ్డతో ఛాతీ చుట్టూ వేసే పట్టీ కుట్టింది. "పగ్‌కి పగ్గం ఛాతీకే వెయ్యాలి, మెడకి వేస్తే పగబట్టినట్టే" అని మేస్త్రి దానికి పగ్గమనే పేరు కూడా ఖాయం చేశాడు. నడక తెల్లవారగానే, వీధి చల్లగా ఉన్నప్పుడు. తిండి కొలత ప్రకారం, రోజుకి రెండుసార్లు. మొహంలోని ముడతలు తడి దూదితో తుడిచి, మళ్లీ పొడిగా అద్దే పని మేస్త్రి అత్తగారిది. ఆమె కూతురి దగ్గరే ఉంటోంది. వాడి మడతల్లో దాక్కున్న మురికి ఆమె కళ్లజోడుకి తప్ప ఇంకెవరికీ కనిపించేది కాదు.

"పని సరే. బిస్కెట్లు మాత్రం బంద్ అత్తయ్యా" అన్నాడు మేస్త్రి.

"వాడు ముక్కు లేనివాడు, నేను పళ్లు లేనిదాన్ని. ఇద్దరం కలిసి టీలో ముంచుకుని ఒక్క బిస్కెట్టు తింటే దానికి కూడా కాటా పెడతారా అల్లుడుగారూ?"

"ఒక్కటి కాదు, రోజుకి ఆరు. ప్రతిదానిలో సగం వాడికే పోతోంది. నేను చూడటం లేదనుకోకండి."

"చూడండి చూడండి. కుక్కకాటు విన్నాను గానీ, కుక్కకి కాటా ఇప్పుడే వింటున్నాను" అంటూ ఆమె డబ్బా మూత గట్టిగా నొక్కింది.

ప్రతి ఆదివారం పొద్దున్నే ముందు గదిలో తూకం. ఎవరూ చెప్పకుండానే అది ఇంటి సంబరమైపోయింది. మేస్త్రి సున్నా బొత్తాం నొక్కి, గ్రామును ఎత్తి బల్లకాటా మీద నిలబెట్టేవాడు. అడుగున స్ప్రింగు ఉన్న బల్ల కదిలేసరికి వాడు గడగడలాడేవాడు. కిందపడితే ముందుగా నేలకి తగిలేది ఆ గుడ్లకళ్లే కాబట్టి, మేస్త్రి బల్ల అంచుకి కాలు అడ్డం పెట్టి, "నేనున్నా కదరా, నిలబడు" అనేవాడు. వాడు ఆయన పిక్కకి మొహం అప్పగించి నిలబడేవాడు. వాడి వణుకు ఆగేది. అంకె కూడా ఆగేది.

మొదటి ఆదివారం పది కిలోల రెండు వందలు. తర్వాతి ఆదివారం తొమ్మిది తొమ్మిది వందలు. ఆ పైన తొమ్మిది ఏడు.

"చూశావా! వారానికి రెండు వందలు, మూడు వందలు. గడియారంలా దిగుతున్నాడు" అని మేస్త్రి భార్యని పిలిచి అంకె చూపించేవాడు. సంతోషం పట్టలేక ఉడికించిన కోడి ముక్క ఒకటి వాడి నోట్లో పెట్టేవాడు. ముక్కు లేకపోయినా ముక్కని గుర్తుపట్టడంలో వాడు ఎన్నడూ తప్పలేదు. నాలుగో వారానికి మరీ త్వరగా తగ్గిపోతున్నాడని ఆయనకి బెంగ పుట్టింది. "నీరసం వస్తుందే, వాడి పూటకి ఇంకో గరిటె వెయ్యి" అన్నాడు. ఐదో వారం ఇంకో అర గరిటె కలిపాడు. కాటా మాత్రం దిగుతూనే ఉంది. ఎంత పెట్టినా తగ్గే కుక్క తన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదని ఆయన బజారంతా చెప్పొచ్చాడు.

ఆరో ఆదివారం కాటా సరిగ్గా తొమ్మిది చూపింది. అడిగినదానికంటే అర కిలో తక్కువ, గడువుకంటే ఏడు వారాలు ముందు. ఆదివారం పూట డాక్టరమ్మ మధ్యాహ్నం దాకా ఉంటుంది. మేస్త్రి ముతక చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, గ్రామును ఎత్తుకుని భార్యతో సహా బయల్దేరాడు.

ఆస్పత్రిలో కాటా నేలకి ఆనుకుని ఉంటుంది. అక్కడి నర్సమ్మ గ్రామును దాని మీద నిలబెట్టి, "అందరూ ఒక అడుగు వెనక్కి జరగండి" అంది. మేస్త్రి హుందాగా వెనక్కి జరిగాడు.

పది కిలోల ఆరు వందలు.

"మీ కాటా చెడింది" అన్నాడు మేస్త్రి, ఊపిరి తీసుకోకుండా.

డాక్టరమ్మ నవ్వలేదు. "పోయినసారికంటే రెండు వందలు ఎక్కువ. ఇలా అయితే ఆపరేషన్ మాట మరిచిపోవాలి."

మేస్త్రి మరిచిపోయే మనిషి కాదు. భార్యనీ గ్రామునీ అక్కడే కూర్చోబెట్టి ఇంటికెళ్లి, మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలోంచి తన తూకపు రాళ్లు తెచ్చాడు. ఐదు కిలోల రాయి పెడితే ఆస్పత్రి కాటా ఐదు చూపింది. రెండు పెడితే రెండు. యాభై గ్రాముల బిళ్ల పెడితే యాభై. వేలెత్తి చూపడానికి ఒక్క గ్రాము తేడా లేదు. "బాగానే ఉంది మీ కాటా" అన్నాడు చివరికి. ఆ నాలుగు మాటలూ ఆయన నోట్లోంచి రావడానికి రాళ్లు మోసినంత కష్టమైంది.

ఇంటికొచ్చి తన బల్లకాటా మీద అవే రాళ్లు పెట్టాడు. అదీ నిజమే చెప్పింది. రెండు కాటాలూ నిజమే చెబితే మరి అబద్ధం ఎవరిది? ఆయన కళ్లు గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న అత్తగారి మీద వాలాయి.

"అత్తయ్యా, మీరేనా?"

"నేనేంటి?"

"ఎవరికీ తెలీకుండా పెడుతున్నారు. కాకపోతే ఎలా పెరుగుతాడు? వాడి ప్రాణం పోతుందని తెలిసి కూడా పెడుతున్నారు."

గ్రాము దరఖాస్తు ఒక్కటే వినిపిస్తోంది, గుర్రు గుర్రుమని. అత్తగారు లేచి లోపలికెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆయన ముందున్న బల్ల మీద పెట్టింది. మూత మీద వేలితో గీత గీసింది. దుమ్ములో గీత తెల్లగా పడింది.

"వాడు నా మొహంలోకి చూస్తూ ఉంటే నాకు గొంతు దిగదు అల్లుడుగారూ. అందుకని నేనే మానేశాను. ఆరు వారాలైంది. టీ ఒట్టిగా తాగుతున్నాను."

మేస్త్రి డబ్బా వైపు చూశాడు.

"అయినా ఏమండీ," అంది భార్య పట్టీ విప్పుతూ, "పొద్దున్న ఇక్కడ తొమ్మిది, గంట తర్వాత అక్కడ పదీ ఆరు వందలు. గంటలో కిలో ఆరు వందలు ఎక్కించాలంటే అమ్మ డబ్బాతో అవుతుందా? బేకరీ ఎత్తుకు రావాలి."

నిజమే. ఆ మాత్రం తీసివేత రానివాడు కాడు మేస్త్రి. కోపంలో చెయ్యలేదంతే. ఆయన గ్రామును మళ్లీ ఎత్తి బల్లకాటా మీద నిలబెట్టాడు. ఎప్పట్లాగే అంచున కాలు అడ్డం పెట్టాడు. ఎప్పట్లాగే వాడు మొహం అప్పగించాడు. తొమ్మిది. "చూడండి! తొమ్మిదే! కళ్లెదురుగా తొమ్మిది!"

అత్తగారు కళ్లజోడు సర్దుకుని, గోడ మీది బోర్డు కూడబలుక్కుంటూ చదివింది. "తూచేటప్పుడు... కాటాకి... నీడ కూడా తగలరాదు." తర్వాత పీట మీదనుంచి ముందుకి వంగింది. "అల్లుడుగారూ, నీడ తగలకూడదు, సరే. కాలు తగలొచ్చా?"

మేస్త్రి కిందికి చూశాడు. గ్రాము కాటా మీద నిలబడ్డాడని ఆరు వారాలుగా ఆయన నమ్ముతున్నాడు. వాడు నిలబడలేదు. తలా, భుజమూ, పక్కటెముకలూ అన్నీ ఆయన పిక్కకి అప్పజెప్పి, గోడకి చేరగిలబడ్డ ముసలాయనలా హాయిగా కళ్లు మూసుకున్నాడు. మొదటి వారం భయం కొద్దీ కొంచెం, తర్వాత నమ్మకం కొద్దీ ఇంకొంచెం. నమ్మకం ఎంత పెరిగితే అంకె అంత తగ్గింది.

ఆయన నెమ్మదిగా కాలు వెనక్కి తీశాడు. కాటా మీద అంకె లేచింది. తొమ్మిది మూడు. తొమ్మిది తొమ్మిది. గ్రాము ఒరిగి, తూలి, నాలుగు కాళ్లూ బార్లా చాపుకుని నిలదొక్కుకున్నాడు. పది ఆరు వందలు.

బొటనవేళ్లు పట్టుకోవడంలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి తన మోకాలి కింద ఏం జరుగుతోందో చూసుకోలేదు. పైగా ప్రతి ఆదివారం తగ్గాడని ముక్క, తగ్గిపోతున్నాడని గరిటె. వాణ్ణి రెండు వందల గ్రాములు పెంచిందీ ఆయనే.

"తగ్గాడని అనుకున్నాను అత్తయ్యా" అన్నాడు. "వాడేమో ఆనుకున్నాడు."

భార్యకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. మేస్త్రి వంగి, దుమ్ము పట్టిన ఆ డబ్బాని తన చొక్కా అంచుతో తుడిచాడు. "తప్పు మాటన్నాను. పెద్దవారు. మనసులో పెట్టుకోకండి."

"మనసులో పెట్టుకోవడానికి నా దగ్గర చోటెక్కడుంది? టీ ఒక్కటే ఉంది" అంది ఆమె. "ఇంకా ఏడు వారాలుంది కదా. ఏం చేస్తారో అది చెప్పండి."

అలా అడగడమే ఆయనకి కావలసింది. ఛాతీ మళ్లీ పైకి లేచింది. "తప్పు దొరికిన కాటాని బాగుచెయ్యడం ఎంతసేపు!"

కోడి ముక్క పోయింది. అదనపు గరిటె పోయింది. దాని బదులు ఉడికించిన బీన్సు వచ్చింది. గ్రాము దాన్ని మొదటిరోజు పన్ను నోటీసులా చూశాడు, మూడోరోజు తిన్నాడు. నడక పది నిమిషాల నుంచి మొదలై, మధ్యలో మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ, ఇరవైకి చేరింది. ఎగపీల్చడం గట్టిపడితే వెనక్కి తిరిగి రావడమే, మొండితనం లేదు. అసలు కష్టం కాటాతోనే వచ్చింది. కాలు లేకపోతే వాడు దాని మీద ఉండడు, దూకేస్తాడు. అత్తగారు పాత తువ్వాలు పరిచిన చెక్కపెట్టె ఒకటి కాటా మీద పెట్టమంది. దాని అంచులు తక్కువ ఎత్తు. పెట్టె పెట్టాక సున్నా నొక్కి, అప్పుడు వాణ్ణి పెట్టాలి. మేస్త్రి నేల మీద సుద్దగీత గీశాడు. మొదటి వారం గీత ఒక అడుగు దూరంలో, తర్వాత రెండు, తర్వాత మూడు. రోజూ పొద్దున్న ఆ గీత వెనక నిలబడి "నేనున్నా కదరా" అనేవాడు. పెట్టెలోంచి గ్రాము ఆయన పిక్కకేసి, దూరమైపోయిన సొంత ఊరిని చూసినట్టు చూసేవాడు. మేస్త్రికి కాలు దానంతటదే ముందుకి వెళ్లబోయేది. భార్య వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగేది. "తూచేవాడు తూలకూడదండీ."

అంకెలు ఈసారి మెల్లగా, నిజంగా దిగాయి. వారానికి దాదాపు రెండు వందలు. ఒక వారం ఏమీ దిగలేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

పదమూడో వారం చివర, ఫ్యాన్లు మూడో నంబరుకి మారిన రోజున, ఆస్పత్రి కాటా మీద గ్రాము ఒంటరిగా నిలబడ్డాడు. ఒక్కసారి పక్కకి ఒరిగాడు, అక్కడ ఆనుకోవడానికి ఏమీ లేదు. గదికి అవతల గోడకి అంటుకుపోయి నిలబడ్డ మేస్త్రిని చూశాడు. కాళ్లు దగ్గరికి తీసుకుని నిటారుగా నిలబడ్డాడు.

తొమ్మిది కిలోల నాలుగు వందల యాభై.

"రేపు పొద్దున్న ఖాళీ కడుపుతో తీసుకురండి" అంది డాక్టరమ్మ, పెన్ను మూత తీస్తూ.

ఆపరేషన్ జరిగిన ముప్పావు గంటలో మేస్త్రి ఆస్పత్రి గోడగడియారాన్ని మూడుసార్లు తన చేతిగడియారంతో సరిచూశాడు. అత్తగారు పక్కన కూర్చుని, "అదైనా నిజం చెబుతోందా అల్లుడుగారూ?" అని ఒకసారి అడిగింది. తర్వాత తలుపు తెరుచుకుంది. "బాగున్నాడు. ఊపిరి చక్కగా ఉంది" అంది డాక్టరమ్మ. తువ్వాల్లో చుట్టిన గ్రాము బయటికొచ్చాడు. చుక్కల చోట ఇప్పుడు రెండు కామాలున్నాయి.

మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటుతో, ఇంటి తలుపులన్నిటికీ గుద్దుకుంటూ వాడు పది రోజులు గడిపాడు. గరాటు తీసేసిన పొద్దున్న నడకనుంచి వచ్చి, మూడు మెట్లూ ఆగకుండా ఎక్కేశాడు. పైన నిలబడి, ఇంకా కిందే ఉన్న మేస్త్రికేసి, ఎందుకింత ఆలస్యమన్నట్టు చూశాడు. నాలుక గులాబీరంగులో ఉంది. వెనక గదిలో అత్తగారు ఆరోజే డబ్బా మూత తీసింది. ముందు గదిలో ఉన్న వాడి తల గిర్రున తిరిగింది. ముక్కు కొత్తది, వాసన పాతది.

"బిస్కెట్టు నాకు, వాసన వాడికి" అని ఆమె లోపలినుంచే కేకేసింది. "వాసనకి బరువుండదు కదా అల్లుడుగారూ?"

"ఉండదత్తయ్యా. నేను పూచీ."

ఆ సాయంత్రం మేస్త్రి రంగుడబ్బా, కుంచె తీసి స్టూలెక్కాడు. బోర్డు మీది పాత వాక్యం కింద కొత్తగా రెండు మాటలు రాశాడు: "కాలు కూడా."

మర్నాడు కాటా బాగుచేయించుకోవడానికొచ్చిన కూరగాయలాయన అది చదివి నవ్వాడు. "ఇదెవరి పనండీ మేస్త్రి గారూ? కాలు పెట్టి తూచేంత మోసగాడు మన బజారులో ఎవడున్నాడు?"

"నేనే" అన్నాడు మేస్త్రి, బజారంతా వినిపించేలా. "కూర్చో, చెబుతా." చెబుతున్నంతసేపూ గ్రాము ఆయన పిక్కకి ఆనుకుని, చప్పుడు లేకుండా ఊపిరి పీలుస్తూ కూర్చున్నాడు.